పసిడికి ముందు శిల

రుద్రాభిషేక సమయమున మనము చమకమును వినుచున్నాము. అందలి అయిదవ అనువాకము యజమాని కోరెడి వస్తువులను ఒక వరుసలో చెప్పుచున్నది. మొదట శిల, పిదప మట్టి, కొండలు, పర్వతములు, ఇసుక, వృక్షములు. వీని తరువాతనే బంగారము, ఇనుము, సీసము, తగరము మొదలగు లోహములు. పసిడిని కోరువాడు ముందుగా రాతిని ఏల కోరవలెను? భాష్యకారుల చర్చ అటుండనిండు. గనుల చరిత్రను పరిశీలించిన కొలది ఆ వరుసయందు ఒక ఔచిత్యము మాకు గోచరించుచున్నది.

బంగారము భూమిలో పుట్టినది కాదు. భూమికి ముందే, నక్షత్రముల అంత్యదశలో పుట్టినది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొన్న తరంగములు భూమిని చేరినవి. వాని వెలుగులో ఇట్టి బరువైన మూలకములు ఏర్పడుచున్న జాడలను ఖగోళశాస్త్రజ్ఞులు గుర్తించిరి. అట్లు వచ్చిన పసిడి భూమియొక్క పైపొరలో అంతటను చెదరి యున్నది. సాధారణమైన రాయి ఒక టన్నులో కొన్ని మిల్లీగ్రాములకు మించి ఉండదు. అది గనిగా మారవలెనన్న వేల రెట్లు ఒకచోట చేరవలెను.

ఆ పనిని నీరే చేసినది. సుమారు 250 కోట్ల సంవత్సరములనాడు మన దక్కను శిలలలో, భూగర్భమునుండి 300 డిగ్రీల వేడిగల నీరు పగుళ్ల వెంట పైకి ఎగబ్రాకినది. గంధకపు సాయమున పసిడి ఆ నీటిలో కరగి వచ్చినది. పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గుటచేతను, ఇనుముగల శిలలు గంధకమును గ్రహించుటచేతను నీరు పసిడిని విడిచిపెట్టినది. అది పలుగురాతి చారలలో నిలిచిపోయినది. కోలారు, హట్టి, అనంతపుర సీమయందలి రామగిరి, కర్నూలు సీమయందలి జొన్నగిరి, ఇవన్నియు అట్టి శిలాపట్టీలే.

మానవుడు దీనిని ఇంతగా ఆదరించుటకు కారణము దాని గుణములు. గాలికి, నీటికి చెడదు, త్రుప్పు పట్టదు. నీటికంటె 19 రెట్లు బరువు. 1064 డిగ్రీల వేడికి గాని కరగదు. ఒక్క గ్రామును కొట్టి సాగదీసిన సుమారు చదరపు మీటరు రేకగును. ఆలయ విమానములకు స్వర్ణ తాపడము సాధ్యమగుట దీనివలననే.

కోశమునకు గనియే మూలమని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పి, గనులకు ఆకరాధ్యక్షుని నియమించినాడు. అశోకుని బ్రహ్మగిరి శాసనము సువర్ణగిరినుండి రాజకుమారుడు పంపిన ఆజ్ఞతో మొదలగును. ఆ సువర్ణగిరి, అశోకుని శాసనములుగల ఎఱ్ఱగుడి చెంతనున్న మన జొన్నగిరియే యని కొందరు పండితులు, కన్నడదేశమునందలి కనకగిరి యని మరికొందరు చెప్పుచున్నారు. 1956 వరకు హైదరాబాదు రాజ్యములో నుండిన హట్టియందు సుమారు 2000 సంవత్సరములనాటి గనిపనులు బయల్పడినవి. ఆనాటివారు రాతిపై కట్టెలు పేర్చి మండించి, కాగిన రాతిపై నీరు చల్లి పగులగొట్టిరి. పిమ్మట నూరి, నీట కడిగిరి. తేలికయైన రాతిపొడి కొట్టుకొనిపోగా, బరువైన పసిడి రేణువు అడుగున మిగిలెడిది.

కోలారునందు 1880లో జాన్ టేలర్ సంస్థ పని చేపట్టినది. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడునాటికి సుమారు 800 టన్నుల బంగారము వెలువడినది. తొలినాళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా దొరకగా, చివరకు అయిదు గ్రాములైనను దొరకలేదు. గని మూడు కిలోమీటర్ల లోతు దాటినది. అచ్చటి రాతి వేడి 60 డిగ్రీలకు మించినది. తమిళ దేశమునుండియు, మన చిత్తూరు సీమనుండియు వచ్చిన నిరుపేదలు ఆ లోతున శ్రమించిరి. ఒత్తిడికి రాళ్లు ప్రేలి కొందరు మరణించిరి. రాతిధూళి పీల్చి సిలికోసిస్ వ్యాధితో కొందరు క్షీణించిరి. సైనైడుతో పసిడిని తీయగా మిగిలిన పొడి నేటికిని ఆ ఊరిలో గుట్టలుగా నున్నది.

బంగారము నశించదు గనుక మరల మరల కరగించి కొత్త నగలుగా పోయుచున్నారు. కావున మీరు స్వామికి సమర్పించు చిన్న పతకమునందును ఏ పురాతన గనిలోని రేణువో ఉండవచ్చును. దానము చేయునపుడు సంకల్పమున మన గోత్రనామములు చెప్పుకొందుము. ఆ పసిడిని మోసి తెచ్చినవారి నామములు మనకు తెలియవు. తెలియకున్నను, వారి సంతతికి క్షేమము కలుగవలెనని ఒక్క క్షణము తలచి, అటుపిమ్మట అక్షతలు విడువుడని మా మనవి. చమకము రాతిని ముందు పలికినది. మనమును దానిని తొలచినవారిని ముందు తలచుట ఉచితము.