నొప్పి దారికి అడ్డుకట్ట

పక్కటెముకల మధ్య నరాల్లోకి కేన్సర్ పాకితే ఒక్కోసారి మార్ఫిన్ కూడా చాలదు. మోతాదు పెంచేకొద్దీ మత్తు పెరుగుతుంది, మాట తడబడుతుంది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలాంటివాళ్ల కోసం వైద్యులు వందేళ్ల కిందటే ఇంకో ఉపాయం పట్టారు: నొప్పి కబురు మెదడుకు చేరకముందే వెన్నుపాములో ఆపేయడం.

దానికి ఆధారం దొరికింది క్షయ రోగిలో. వెన్నుపాము ముందుపక్కన గడ్డలు లేచి నొప్పి, వేడి, చల్లదనం తెలియకుండా పోయిన ఒక రోగి గురించి ఫిలడెల్ఫియా నరాల వైద్యుడు విలియం స్పిల్లర్ 1905లో రాశారు. జబ్బు చేసిన నష్టంలోనే ఆయనకు వైద్యం కనిపించింది. ఆయన ప్రోద్బలంతో 1911లో సర్జన్ ఎడ్వర్డ్ మార్టిన్, శరీరం కింది భాగంలో తీరని నొప్పితో ఉన్న రోగికి వెన్నుపాములో నొప్పి కబురు మోసే తంతువులను కోశారు. దీన్నే కార్డాటమీ అంటారు.

అయితే వీపు తెరిచి, ఎముక తొలగించి చేసే ఆపరేషన్‌ను చిక్కి శల్యమైన మనిషి ఎలా తట్టుకుంటాడు? 1963లో షికాగోలో షాన్ మల్లన్ మెడలోకి సూది దించి అదే పని చేయవచ్చని చూపారు. రెండేళ్లకే సూది మొనను రేడియో తరంగాలతో వేడిచేసే పద్ధతి వచ్చింది.

ఇందులో రోగి మెలకువగానే ఉంటాడు. చెవి కింద చర్మానికి మత్తిచ్చి, ఎక్స్‌రేలో చూస్తూ, పైనున్న రెండు మెడపూసల సందులోంచి సూది దించుతారు. సన్నగా కరెంటు పంపి, "ఎక్కడ వెచ్చగా ఉంది?" అని అడుగుతారు. కుడి ఛాతీ నొప్పికి సూది ఎడమపక్క దిగుతుంది, ఎందుకంటే ఆ తంతువులు వెన్నుపాములో అవతలి పక్కకు దాటిపోతాయి. "కుడి రొమ్ము మీదండీ" అన్నాడంటే సూది సరైన చోటికి చేరినట్టే. వేడి తగిలిన కొన్ని క్షణాలకు అక్కడ గుండుసూదితో గుచ్చినా పదును తెలియదు. భార్య చెయ్యి వేస్తే మాత్రం చెయ్యి అని తెలుస్తుంది. ఇంతకంటే దయగల వైద్యం అరుదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు పక్కలా చేస్తే నిద్రలో ఊపిరి ఆగే ప్రమాదముంది. కొన్ని నెలలకు నొప్పి తిరగబెట్టవచ్చు. 1979లో వెన్ను ద్రవంలోకే మార్ఫిన్ ఇవ్వడం, 1986లో నొప్పి మందులను మెట్టుమెట్టుగా పెంచే ప్రపంచ ఆరోగ్య సంస్థ 'నిచ్చెన' పద్ధతి వచ్చాక ఈ సూది పట్టే చేతులు బాగా తగ్గిపోయాయి. అలా తగ్గడం రోగులకు నష్టమే.

బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు దీన్ని వదల్లేదు. ఓడల రేవుల్లో ఆస్‌బెస్టాస్ దుమ్ము పీల్చిన కార్మికుల్లో కొందరికి దశాబ్దాల తర్వాత ఊపిరితిత్తుల పొరకు కేన్సర్ వస్తుంది. ఆ నొప్పి ఎక్కువగా ఛాతీకి ఒక పక్కనే ఉంటుంది కాబట్టి, ఒక పక్క చేసే ఈ వైద్యం వాళ్లకు సరిపోతుంది.