రెండో కాన్పు.. ‘మనకు తెలిసిందే కదా’ అనుకుంటే ఎక్కడ ఇబ్బంది పడతారు?

మొదటిసారి నెలలు నిండకముందే ఆస్పత్రి బ్యాగు సర్దిపెట్టుకుని ఉంటారు. రెండోసారి ఆ బ్యాగు ఎక్కడుందో వెతుక్కోవడమే తొమ్మిదో నెలలో మొదలవుతుంది. అది సహజమే. పెద్దపిల్లాడి స్కూలు, ఆఫీసు, ఇల్లు, అన్నీ నడుస్తుండగానే ఈ కాన్పు రావాలి. కాకపోతే వైద్యంలోనూ, కాగితాల్లోనూ కొన్ని విషయాలు రెండో బిడ్డ దగ్గర మారిపోతాయి. మొదటిసారి పనికొచ్చిన పద్ధతి ఈసారి పనికిరాకపోవచ్చు. అలాంటివి ఏమిటో చూద్దాం.

మొదటిది సిజేరియన్ అయితే?

తెలుగు రాష్ట్రాల్లో ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌లే. అంటే రెండో కాన్పుకు వెళ్లేవారిలో చాలామందికి గర్భసంచి మీద ఇప్పటికే ఒక కోత మచ్చ ఉంటుంది.

‘ఒకసారి ఆపరేషన్ అయితే మళ్లీ ఆపరేషనే’ అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తుంటారు. అది నిజం కాదు. గర్భసంచి కింది భాగంలో అడ్డకోత పెట్టి ఉండి, ఇతర ఇబ్బందులు లేకపోతే సాధారణ కాన్పుకు ప్రయత్నించవచ్చు. అలా ప్రయత్నించినవారిలో దాదాపు నలుగురిలో ముగ్గురికి అది సఫలమవుతుంది. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. నొప్పుల సమయంలో పాత మచ్చ విచ్చుకోవచ్చు. సుమారు 200 మందిలో ఒకరికి జరిగే విషయమిది. జరిగితే మాత్రం నిమిషాల్లో ఆపరేషన్ చేయాలి. అందుకే ఏ ఆస్పత్రి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. రాత్రి రెండు గంటలకు కూడా మత్తు డాక్టర్, రక్తం, ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉండే చోటైతేనే ఈ ప్రయత్నానికి వెళ్లండి. ‘మీ దగ్గర రాత్రిపూట అత్యవసర సిజేరియన్ చేస్తారా?’ అని ముందే నేరుగా అడగండి. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

ఇక్కడే మొదటి కాన్పు డిశ్చార్జి సమ్మరీ అవసరమవుతుంది. పైకి కనిపించే కుట్లను బట్టి లోపల కోత ఎటు పెట్టారో చెప్పలేరు. ఆ వివరం కాగితంలోనే ఉంటుంది. పోతే పాత ఆస్పత్రికి వెళ్లి నకలు అడగండి. ఈ పని ఏడో నెలలోపే చేయాలి, నొప్పులు మొదలయ్యాక కాదు. మాయ ఎక్కడుంది, పాత మచ్చ మీదకు వచ్చిందా అన్నది కూడా స్కాన్‌లో చూపించుకుని స్పష్టంగా అడగండి. మచ్చను అంటుకుని మాయ లోతుగా పాతుకుపోతే కాన్పులో తీవ్ర రక్తస్రావం అవుతుంది. అలాంటి కేసు పెద్దాస్పత్రిలోనే జరగాలి.

మొదటిది సాధారణ కాన్పే అయితే జాగ్రత్త వేరు. రెండోసారి నొప్పులు చాలామందికి వేగంగా సాగుతాయి. మొదటిసారి 14 గంటలు పట్టింది కదా అని ఇంట్లోనే కూర్చుంటే ట్రాఫిక్‌లోనే కాన్పయ్యే పరిస్థితి రావచ్చు. నొప్పులు క్రమంగా వస్తున్నాయనగానే, లేదా ఉమ్మనీరు పోతే వెంటనే, బయల్దేరండి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి. పెద్దబిడ్డను ఆ సమయంలో ఎవరి దగ్గర వదలాలో, అర్ధరాత్రైనా వచ్చేవారెవరో ముందే మాట్లాడుకోండి. చాలా ఇళ్లలో ఆలస్యం జరిగేది ఇక్కడే.

నెగెటివ్ గ్రూపు తల్లులకు మరో మాట. మీది నెగెటివ్, బిడ్డ తండ్రిది పాజిటివ్ అయితే మొదటి కాన్పులో ఏం జరిగిందన్నది రెండో బిడ్డకు చాలా ముఖ్యం. మొదటి బిడ్డ పాజిటివ్ అయి, అప్పుడు మీకు యాంటీ-డి ఇంజెక్షన్ పడకపోతే మీ శరీరంలో యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. అవి కడుపులోని రెండో బిడ్డ రక్తకణాలను దెబ్బతీస్తాయి. మధ్యలో గర్భస్రావం జరిగి ఉన్నా ఇదే లెక్క. తొలి విజిట్‌లోనే ఈ సంగతి చెప్పి ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయించుకోండి. యాంటీబాడీలు లేకపోతే 28 వారాలకు ఒకసారి, బిడ్డ పాజిటివ్‌గా పుడితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి ఇంజెక్షన్ ఇస్తారు.

ప్రభుత్వాస్పత్రిలో ఏవి ఉచితం?

2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితమే. సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఆస్పత్రికి తీసుకెళ్లే, ఇంటికి దించే బాధ్యత కూడా వారిదే. ఎన్నో కాన్పన్న షరతు లేదు. డిశ్చార్జి రోజున 102 వాహనం గురించి అడగండి. అడగనివారికి ఎవరూ గుర్తుచేయరు.

ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మాత్రం రెండో కాన్పుకు మెలిక ఉంది. రెండో బిడ్డ ఆడపిల్ల అయితేనే రూ.6,000 ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన మార్పు ఇది. ఆడపిల్లను స్వాగతించాలన్నది ఉద్దేశం. తల్లి పడే కష్టానికి, బిడ్డ ఎవరన్నదానికి సంబంధమేమిటన్న ప్రశ్న అలాగే ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉన్నవారు, పేదల రేషన్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు ఉన్నవారు, ఎస్సీ, ఎస్టీ మహిళలు తదితరులు అర్హులు. రెగ్యులర్ ప్రభుత్వోద్యోగులకు వర్తించదు. జనన నమోదు, తొలి విడత టీకాలు పూర్తయి ఉండాలి కాబట్టి ఆ రెండూ ఆలస్యమైతే డబ్బూ ఆలస్యమే. గర్భం నమోదు కోసం అంగన్‌వాడీ కేంద్రంలోనో, ఆశా కార్యకర్త దగ్గరో తొలి నెలల్లోనే పేరు రాయించుకోండి.

సెలవు ఎన్ని వారాలు?

ప్రైవేటు ఉద్యోగమైనా 26 వారాల వేతనంతో కూడిన సెలవు మీ హక్కు. రెండో బిడ్డకూ అంతే. ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. చాలామంది పొరబడేది లెక్క దగ్గర. చట్టం చూసేది ఎన్నో కాన్పు అని కాదు, జీవించి ఉన్న పిల్లలు ఎందరని. మొదటి కాన్పులో కవలలు పుట్టి ఉంటే, ఇది రెండో కాన్పే అయినా సెలవు 12 వారాలే. ఈఎస్ఐ ఉన్నవారికి ఈ డబ్బు కంపెనీ కాకుండా ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది. నాన్నల విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 15 రోజులుంది. ప్రైవేటులో కంపెనీ దయ.

జనన ధ్రువపత్రం: ఈసారి దీనికి ప్రత్యామ్నాయం లేదు

పెద్దబిడ్డను బడిలో చేర్చేటప్పుడు ఆధార్ చూపించి నెట్టుకొచ్చి ఉంటారు. చిన్నబిడ్డకు అది కుదరదు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టినవారికి పుట్టిన తేదీని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. బడి, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, ప్రభుత్వోద్యోగం, అన్నిటికీ అదే. పాస్‌పోర్టు నిబంధనల్నీ 2025లో అందుకు తగ్గట్టు మార్చారు.

ఆస్పత్రిలో పుడితే 21 రోజుల్లోపు నమోదు చేయించే బాధ్యత ఆస్పత్రిదే. కానీ వాళ్లిచ్చే ఫారంలో మీరు రాసిందే రికార్డులోకి వెళ్తుంది. నిద్రలేని రెండో రోజున, ఒక చేత్తో బిడ్డను పట్టుకుని ఆ ఫారం నింపుతారు. మా ఇంట్లో రెండో పాప పుట్టినప్పుడు అలాగే నింపాం. పెద్దవాడి ధ్రువపత్రంలో వాళ్లమ్మ పేరు ఇంటిపేరుతో ఉంటే, పాప దాంట్లో ఇంటిపేరు లేకుండా పడింది. సరిచేయించుకోవడానికి నాలుగుసార్లు తిరిగాం. అందుకే పెద్దబిడ్డ ధ్రువపత్రం ఫొటో ఫోన్‌లో ఉంచుకుని, తల్లిదండ్రుల పేర్లు అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఆ పత్రంలోనే తప్పుంటే ముందు దాన్ని సరిచేయించాలి.

పేరు ఇంకా ఖరారు కాలేదని నమోదు ఆపకండి. బిడ్డ పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. నామకరణానికి బంధువులంతా కుదిరే ముహూర్తం కోసం ప్రభుత్వ గడువు ఆగదు. నమోదే ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాల్సి వస్తుంది.

బిడ్డ ఇంటికొచ్చాక..

పెద్దబిడ్డ టీకా కార్డు చూసి చిన్నబిడ్డకు తేదీలు లెక్కేసుకోకండి. పట్టిక మారింది. న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది. పోలియో ఇంజెక్షన్ మూడో డోసును 2023 నుంచి తొమ్మిదో నెలలో ఇస్తున్నారు. పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి పడ్డాయో లేదో డిశ్చార్జికి ముందే కార్డులో చూసుకోండి. తర్వాతివి ఆరు, పది, పద్నాలుగు వారాలకు.

తొలి ఆరు వారాల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. అపార్టుమెంట్లలో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తుంటారు, ఒక మాట చెప్పి ఉంచండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలుతున్నా చల్లబడినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీసుకుంటున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి. ‘పెద్దాడికీ ఇలాగే ఉండేది’ అనే మాటే ప్రమాదకరం. తల్లికి రెండో కాన్పు తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పులు మొదటిసారికన్నా ఎక్కువగా ఉండటం మామూలే. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం మాత్రం మామూలు కాదు.

బడి నుంచి జలుబు మోసుకొచ్చేది పెద్దబిడ్డే. అలాగని దూరం పెడితే ఆ పసిమనసు నొచ్చుకుంటుంది. రాగానే చేతులు కడిగించి, పక్కన కూర్చోబెట్టి బిడ్డ పాదాలు పట్టుకోనివ్వండి. ముఖం మీద ముద్దులు కొన్నాళ్లు వద్దని చెప్పండి. తనకు పెండింగ్‌లో ఉన్న టీకాలుంటే చిన్నబిడ్డ రాకముందే వేయించడం మేలు. ఆస్పత్రి నుంచి వచ్చే రోజు గుమ్మం దగ్గర బిడ్డను అమ్మమ్మకో నాన్నకో ఇచ్చి, తల్లి ఖాళీ చేతులతో ముందు పెద్దబిడ్డనే దగ్గరకు తీసుకోవడం చాలా ఇళ్లలో బాగా పనిచేసింది. సిజేరియన్ అయి ఉంటే ఎత్తుకోకుండా, కూర్చునే దగ్గరకు తీసుకోండి.

ధ్రువపత్రం చేతికొచ్చాక బాల ఆధార్, రేషన్ కార్డులో పేరు చేర్చడం, ఆఫీసు ఆరోగ్య బీమా మిగులుతాయి. ఐదేళ్లలోపు బిడ్డకు వేలిముద్రలు తీసుకోరు, తల్లి లేదా తండ్రి ఆధార్‌తో పని జరుగుతుంది. బీమా కోసం మాత్రం ఆగొద్దు. గ్రూపు పాలసీలో కొత్త బిడ్డను చేర్చడానికి గడువు ఉంటుంది, అది చాలా కంపెనీల్లో నెల రోజులే. డిశ్చార్జి అయిన వారంలోనే హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి.