ఆయుధము పట్టని స్వరకర్త : బెంజమిన్ బ్రిటెన్

యుద్ధమున మడిసినవారిని గూర్చి పాడు అధికారము, యుద్ధము చేయ నిరాకరించిన వానికి కలదా? ఇరువదవ శతాబ్దపు ఆంగ్ల స్వరకర్తలలో అగ్రగణ్యుడైన బెంజమిన్ బ్రిటెన్ జీవితమును పరిశీలించునపుడు మనకు ఎదురగు ప్రశ్న ఇది.

బ్రిటెన్ 1913 నవంబరు 22న ఇంగ్లండు తూర్పుతీరమునందలి లోస్టాఫ్ట్ పట్టణమున జన్మించెను. తండ్రి దంతవైద్యుడు. బాల్యముననే ఫ్రాంక్ బ్రిడ్జి అను స్వరకర్తకడ శిష్యుడయ్యెను. గురువు యుద్ధవిముఖుడు, ఆ భావము శిష్యునకును అబ్బెను. 1939లో అమెరికాకు వెడలిన బ్రిటెన్, యుద్ధము సాగుచుండగనే 1942లో స్వదేశమునకు మరలివచ్చి, ప్రాణహింస తన అంతరాత్మకు విరుద్ధమని విచారణసభ యెదుట విన్నవించెను. ఆయుధములతో పనిలేని సైనికసేవ చేయవలెనని ఆ సభ తొలుత నిర్ణయించినను, అప్పీలులో సంపూర్ణమైన మినహాయింపు లభించెను. 1945 జూన్ 7న లండనులో ప్రదర్శితమైన 'పీటర్ గ్రైమ్స్' అను సంగీతనాటకము ఆయన కీర్తిని స్థిరపరచెను. ఊరివారు వెలివేసిన ఒక బెస్తవాని కథ అది.

1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానముల బాంబులకు కొవెంట్రీ నగరపు ప్రాచీన దేవాలయము దగ్ధమయ్యెను. ఆ శిథిలముల ప్రక్కనే నిర్మించిన నూతన దేవాలయ ప్రతిష్ఠా సందర్భమున, 1962 మే 30న, బ్రిటెన్ రచించిన 'వార్ రెక్వియమ్' తొలిసారి వినబడెను. రెక్వియమ్ అనగా మృతుల ఆత్మశాంతికై క్రైస్తవులు లాటిను భాషలో జరుపు ప్రార్థన. ఆ ప్రార్థనల నడుమ బ్రిటెన్, విల్ఫ్రెడ్ ఓవెన్ కవితలు తొమ్మిదింటిని పొదిగెను. ఓవెన్ సైనికుడు, మొదటి ప్రపంచ యుద్ధము ముగియుటకు వారము ముందు, 1918 నవంబరు 4న, రణరంగమున నేలకొరిగినవాడు.

ఒక ఆంగ్లేయుడు, ఒక జర్మనుడు, ఒక రష్యను వనిత కలసి పాడవలెనని బ్రిటెన్ కోరిక. కాని గలీనా విష్నేవ్‌స్కయాను సోవియట్ ప్రభుత్వము పోనీయలేదు. పది దినముల వ్యవధిలో హెదర్ హార్పర్ ఆ భాగమును నేర్చి పాడెను. 1963 జనవరిలో జరిగిన ధ్వనిముద్రణమున మాత్రము విష్నేవ్‌స్కయా, పీటర్ పియర్స్, ఫిషర్-డీస్కౌ మువ్వురును కలసి పాడిరి.

ఈ కృతి ఆరంభముననే గంటలు రెండు స్వరములను పలుకును. మన పరిభాషలో చెప్పవలెనన్న, షడ్జమమునకు ప్రతిమధ్యమ మెంత దూరమో ఆ రెంటికి నంత దూరము. కల్యాణిలో తంబురా శ్రుతిపై, పంచమము చెంత ఆ ప్రతిమధ్యమము మనకు హాయి గొల్పును. ఇచట ఆధారశ్రుతి లేదు. రెండు స్వరములును సమబలముతో నిలిచి పెనుగులాడును. సుమారు 85 నిమిషముల ఈ కృతిలో మూడుమార్లు మాత్రమే, ఆ పెనుగులాట గాయకబృందము కంఠమున మెల్లగా సుస్వరమై విశ్రమించును.

చివరి ఘట్టమున చంపినవాడు, చచ్చినవాడు మరణానంతరము కలసికొందురు. తాను పోరాడని యుద్ధమును గూర్చి పలుకు పనిని బ్రిటెన్ అందు పోరాడినవానికే అప్పగించెను. తొలిప్రశ్నకు ఆయన యిచ్చిన సమాధాన మిదియే యని మేము తలంతుము. 1976 డిసెంబరు 4న బ్రిటెన్ కన్నుమూసెను. ఆ ధ్వనిముద్రణ వినునపుడు శ్రోతలు ఆ గంటలను గమనింతురు గాక.