ఎర్ర సిలిండర్ పుట్టిన దారి

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు చుట్టుపక్కల ఊళ్లలో గడ్డివాము అంటుకుంటే జనం బిందెలు పట్టుకుని పరుగెత్తుతారు. అది సరైన పనే. గడ్డి, కట్టె, గుడ్డ కాలుతుంటే నీళ్లు వేడిని గుంజుకుంటాయి, మంట ఆరుతుంది. అదే ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్లలో ఇప్పుడు విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. అలాంటి చోట అల్యూమినియం రజను అంటుకుంటే మాత్రం బిందెడు నీళ్లు ప్రాణం మీదికి తెస్తాయి. మండే లోహం నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. దాని మీద పొడి ఇసుకో, అందుకోసమే చేసిన పొడో మెల్లగా కప్పాలి.

నిప్పులన్నీ ఒకటి కావని మనిషి ఒక్కో మంట ముందు ఓడిపోతూ తెలుసుకున్నాడు. ఎడిన్‌బరోలో పై అంతస్తుల మంటకు నీళ్లు అందకపోవడం చూసిన ఇంగ్లండు కెప్టెన్ జార్జ్ మాన్బీ 1818లో చేత మోసుకెళ్లే రాగి పాత్ర చేశాడు. లోపల పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాన్ని బయటికి చిమ్మేందుకు ఒత్తిడితో నింపిన గాలి. మంటలార్పే నేటి ఎర్ర సిలిండర్‌కు మూలరూపం అదే.

చమురు దగ్గర ఆ విద్య పారలేదు. చమురు నీటిపై తేలుతుంది, తేలుతూనే మండుతుంది. చమురు బావుల ఊరు బాకూలో పాఠాలు చెప్పే అలెగ్జాండర్ లోరాన్ ఆ మంటలు చూసి నురగ కనిపెట్టాడు. 1904లో పేటెంట్ పొందాడు. నురగ చమురుపై దుప్పటిలా పరుచుకుని గాలి అందనివ్వదు. వంటింట్లో కడాయిలో నూనె అంటుకున్నా సూత్రం అదే: స్టవ్ కట్టేసి, పక్కనుంచి మూత జరపాలి. నీళ్లు పోస్తే అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై, మండే నూనెను ఇల్లంతా చిమ్ముతాయి. ఇది ప్రతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి తీరాలి.

కరెంటు మంటకు నీళ్లూ, నీళ్లున్న నురగా రెండూ ప్రమాదమే. మొదట కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడారు. వేడికి అది ఫాస్జీన్‌గా మారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని చంపిన విషవాయువది. అమెరికాలో టెలిఫోన్ స్విచ్‌బోర్డుల కోసం 1924లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వచ్చాక ఆ బెడద తగ్గింది. అయితే ముందు మెయిన్ ఆపాలి. ఇరుకు గదిలో ఆ వాయువు మనిషికీ ఊపిరాడనివ్వదు.

గ్యాస్ సంగతి మనకు కోనసీమ నేర్పింది. పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగదన్నిన గ్యాస్ మంట 65 రోజులకు గానీ అదుపులోకి రాలేదు. గ్యాస్ వస్తున్నంతసేపూ మంటను ఆర్పడం కంటే గ్యాస్‌ను ఆపడమే ముఖ్యం. మంట ఆరి గ్యాస్ ఆగకపోతే అది పోగుపడి పేలుతుంది. ఇంట్లోనూ ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. చెయ్యి అందకపోతే అందరినీ బయటికి పంపి, 101కి ఫోన్ చేయాలి.