పైచూపు, కూర్పు: డ్రోన్, వీడియో ఎడిటింగ్ చదువు పనిముట్లుగా మారిన క్రమం

డ్రోన్, వీడియో ఎడిటింగ్ ఈనాడు ఒకే పాఠంలో జంటగా కనిపిస్తున్నా వాటి పుట్టుకలు వేరు, నడిచిన దారులు వేరు. మొదటిది సైన్యాల, సర్వే శాఖల అవసరాల నుంచి వచ్చింది. రెండవది సినిమాలో పుట్టి, టెలివిజన్ మీదుగా బడికి చేరింది. అయితే ఒక మలుపు మాత్రం రెండు చరిత్రల్లోనూ ఉంది. చాలాకాలం పాటు ఎవరో తీసి పంపిన దృశ్యాన్ని చూసి నేర్చుకోవడమే విద్యార్థి పని కాగా, పనిముట్టు చౌకై చేతికందిన తరువాత దృశ్యాన్ని తానే తీసి, తానే కూర్చి, ఆ క్రమంలోనే నేర్చుకునే వీలు కలిగింది. కాకతీయుల కోట, గొలుసుకట్టు చెరువులు, పత్తి చేలు ఉన్న వరంగల్ ప్రాంతం ఈ మలుపును పరిశీలించడానికి తగిన నేల.

పైనుంచి ఫొటో తీయాలన్న ప్రయత్నం ఫొటోగ్రఫీ బాల్యంలోనే మొదలైంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ నాదార్ 1858లో పారిస్ సమీపంలో బెలూన్ ఎక్కి తీసినదాన్ని తొలి గగనతల ఛాయాచిత్రంగా చెబుతారు. అది నేడు లభించదు. లభిస్తున్నవాటిలో పాతది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బోస్టన్ నగరం మీద తీసినది. 1906లో ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలావలయాన్ని సైనిక బెలూన్ నుంచి ఫొటో తీయడంతో, నేల మీద నిలబడినవాడికి అందని నిర్మాణ క్రమం పైచూపుకు అందుతుందని పురావస్తు పరిశోధకులకు తెలిసివచ్చింది. భారతదేశంలో విమానాల నుంచి, ఉపగ్రహాల నుంచి నేలను పరిశీలించే పనికి హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన సంస్థ 1970ల నుంచి కేంద్రమైంది. దూర సంవేదన అంటే వస్తువును తాకకుండా, దాని నుంచి వచ్చే కాంతిని లేదా ఇతర తరంగాలను దూరం నుంచే నమోదు చేసి సమాచారం రాబట్టడం. ఆ చిత్రాలు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చినా, ఏ చోటును ఏ వేళ ఏ ఎత్తు నుంచి చూడాలో నిర్ణయించే అధికారం విద్యార్థిది కాలేదు.

కదిలే బొమ్మల చరిత్ర 1895లో లూమియేర్ సోదరుల ప్రదర్శనలతో ఊపందుకున్నప్పటికీ ఆ తొలి చిత్రాలు ఒక్కొక్కటీ ఒకే షాట్‌లో, అంటే కెమెరా ఆగకుండా తీసిన ఒకే దృశ్యఖండంలో ముగిసేవి. ఖండాలను పక్కపక్కన పేర్చితే విడివిడిగా వాటిలో లేని అర్థం పుడుతుందని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ గుర్తించాడు. ఒకే నటుడి ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన పెట్టినప్పుడు ప్రేక్షకులకు ఆ ముఖంలోనే వేరువేరు భావాలు కనిపించాయన్నది ఆయన పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగం. తెలుగు సినిమా పేర్లలో ‘కూర్పు’ అని వేసే ఈ పని దశాబ్దాల పాటు ఖరీదైన యంత్రాలున్న గదులకే పరిమితమైంది. 1956లో ఆంపెక్స్ సంస్థ వీడియో టేపు రికార్డర్‌ను ప్రవేశపెట్టినా, టేపు మీద నడుమ ఒక మార్పు చేయాలంటే అక్కడి నుంచి తిరిగి ఎక్కించవలసి వచ్చేది. 1989లో వచ్చిన ఆవిడ్ వంటి కంప్యూటర్ పద్ధతులు నాన్‌లీనియర్ ఎడిటింగ్‌ను, అనగా ఏ ఖండాన్నైనా ఎప్పుడైనా ముందు వెనుకలు మార్చి, అసలు దృశ్యం చెడకుండా కూర్చే విధానాన్ని వ్యాప్తిలోకి తెచ్చాయి.

తెలుగు పల్లెలకు దృశ్యబోధన పెద్దఎత్తున చేరింది 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు సాగిన ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగంతో. అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉదయం బడిపిల్లల కోసం, సాయంత్రం పెద్దల కోసం కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటి నిర్మాణ కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. ఈ వరుసలోనే ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ అనే బోధనా చానెల్ వెలసి, తెలంగాణలో 2017 నుంచి టీ-శాట్‌గా కొనసాగుతున్నది. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్, టీ-శాట్ ద్వారానే అందాయి. ఇన్ని దశలు గడిచినా పాఠం స్టూడియోలో తయారు కావడం, విద్యార్థి తెర ముందు కూర్చోవడం మారలేదు.

మార్పు వచ్చింది బడి నుంచి కాదు, చేను గట్ల నుంచి. సైట్ కాలం నుంచి టెలివిజన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ సహస్థాపకులుగా జహీరాబాద్ ప్రాంతంలో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, చాలామంది అక్షరం రాని దళిత మహిళా రైతులకు కెమెరా, ఎడిటింగ్ నేర్పగా 2001లో వారి కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తి సాగుకు అనుమతించింది. పురుగును తట్టుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన ఆ విత్తనం తొలి వానాకాలంలోనే వరంగల్ చేలకు చేరినప్పుడు, ఈ మహిళలు అక్కడి రైతులను పంటకాలం పొడవునా మళ్లీ మళ్లీ కలిసి చిత్రీకరించి, బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు కోపమెందుకు అని ప్రశ్నించే పేరుతో డాక్యుమెంటరీ రూపొందించారు. ఆ విత్తనం ఫలితాలపై కంపెనీల వాదన వేరు, వివాదం ఆ చిత్రంతో ముగియలేదు. అయినా ఒక పంట ఖర్చును, దిగుబడిని, పురుగు తీరును నెలల క్రమంలో పేర్చి వాదనగా నిలపడం వీడియో కూర్పును పరిశోధనా పద్ధతిగా వాడుకోవడమే.

ఆ మహిళలు షాట్లను తమ అనుభవం కొద్దీ విభజించుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎదుటివారి కళ్ల ఎత్తులో పెట్టి తీసేది సంఘం షాట్. కెమెరా ఎత్తులోనే చూసేవారికీ చూడబడేవారికీ గల సంబంధం ఇమిడి ఉంటుందన్న ఈ గ్రహింపు తరువాత వచ్చిన డ్రోన్ చదువుకు ఎంతో అవసరమైనది.

నేటి డ్రోన్ల మాదిరి నాలుగు రెక్కల యంత్రాన్ని బ్రెగే సోదరులు 1907లోనే నేల నుంచి లేపినా దాన్ని నిలకడగా నడపడం మనిషికి కష్టమైంది. స్మార్ట్‌ఫోన్ల కోసం తయారైన చిన్న గైరోస్కోపులు, అంటే వంపును క్షణక్షణం కొలిచే పరికరాలు, జీపీఎస్, తేలిక బ్యాటరీలు చౌకయ్యాకే 2010లో పారట్ సంస్థ ఏఆర్ డ్రోన్, 2013లో డీజేఐ ఫాంటమ్ సామాన్యుల చేతికి వచ్చాయి. భారతదేశంలో 2014లో పౌర వినియోగంపై నిషేధం విధించి, 2018లో షరతులతో సడలించి, 2021 ఆగస్టు 25న డ్రోన్ నియమాలను సరళం చేశారు. వీటి ప్రకారం 250 గ్రాములకు మించనిది నానో, 2 కిలోల వరకు మైక్రో. వాణిజ్యేతర అవసరానికి ఈ రెంటినీ నడపడానికి రిమోట్ పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు గాని, రక్షిత కట్టడాల వద్ద చిత్రీకరణకు పురావస్తు శాఖ అనుమతి ఉండాలి.

ఖిలా వరంగల్‌లో పైచూపు విలువ స్పష్టంగా తెలుస్తుంది. గణపతిదేవుడు ఆరంభించి రుద్రమదేవి పూర్తి చేయించిన రాతికోట, దాని చుట్టూ మట్టికోట, వాటిని ఆనుకుని అగడ్తలు ఒకదాని వెలుపల ఒకటి వలయాలుగా సాగుతాయి. నట్టనడుమ శిథిలమైన స్వయంభూ దేవాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి. తోరణం ముందు నిలిచిన విద్యార్థి శిల్పాన్ని చూడగలడు గాని ఊరి అమరికను చూడలేడు. పైనుంచి చూస్తే వలయాలు, వాటిని కోసుకుంటూ పోయే దారులు ఒక్కసారిగా బోధపడతాయి.

పాఖాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయ చెరువుల విషయంలో ఈ చదువు లెక్కలోకీ దిగుతుంది. ఎత్తు రెట్టింపైతే ఒక్కో ఫొటోలో పడే నేల నాలుగింతలవుతుంది, కాని సూక్ష్మాంశం తగ్గుతుంది. అందువల్ల ఎంత ఎత్తున, ఎన్ని వరుసల్లో, బ్యాటరీ అయిపోకముందే ఎలా తిరగాలో విద్యార్థి ముందే లెక్కకట్టుకోవాలి. ఒకదానిమీద ఒకటి కొంత పడేలా తీసిన ఫొటోల్లోని ఉమ్మడి గుర్తులను బట్టి కొలతలు, ఎత్తుపల్లాలు తేల్చే ఫొటోగ్రామెట్రీ అనే పద్ధతి ఆ ఫొటోలను పటంగా మారుస్తుంది. ఆ పటంలో కట్ట, మత్తడి, శిఖంలోని, అంటే చెరువు ముంపు నేలలోని, ఆక్రమణ కనిపిస్తాయి. తూము ఎందుకు పనిచేయడం లేదో, ఆయకట్టు చివరి మడికి నీరు ఎన్నేళ్లుగా అందడం లేదో కనిపించదు. అది రైతు ముందు కూర్చుని, అతని కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి అడిగితేనే తెలుస్తుంది.

ఈ రెండు చూపులను ఒకే వాదనగా కలిపే చోటు ఎడిటింగ్. టైమ్‌లైన్, అంటే దృశ్యఖండాలను కాలక్రమంలో పరిచే తెర మీది పట్టీ, విద్యార్థిని ప్రతి కోత వద్దా నిలదీస్తుంది: ఏది ఆధారం, ఏది అలంకారం, ఏది ముందు రావాలి, ఏది తీసేస్తే అర్థం మారిపోతుంది. వేసవిలో తీసిన ఎండిన శిఖాన్ని వానాకాలపు మాటల పక్కన పెడితే అబద్ధమవుతుందని తెలుసుకున్న విద్యార్థి, ఇతరులు కూర్చిన వీడియోలను కూడా అదే కంటితో పరీక్షించగలుగుతాడు. కనుక తరగతిలో మార్కులు పడవలసింది ఎగిరిన ఎత్తుకో, తెరమీది మెరుపులకో కాదు. ఏ దృశ్యాన్ని ఏ తేదీన, ఎక్కడ తీసి, ఏ కారణంతో ఉంచారో చెప్పగలిగిన వివరణకు. పనిముట్లు చేతికి వచ్చిన తరువాత బోధకులు చేయవలసిన పని ఆ వివరణను అడగడమే.