4.3 ఫ్రీక్వెన్సీ కౌంటర్: లెక్కింపు, ప్రమాణం

మీరు ఇంట్లో నిర్మించుకున్న ఫ్రీక్వెన్సీ కౌంటర్ 1,00,00,000 హెర్ట్జ్ అని 8 అంకెలు చూపుతోందనుకోండి. వాటిలో ఎన్నింటిని నమ్మవచ్చు? దీనికి సమాధానం ఆ పరికరం చరిత్రలోనే ఉంది.

కౌంటర్ ఒక గేటును నిర్ణీత కాలం, ఉదాహరణకు 1 సెకను, తెరిచి ఉంచి, ఆ వ్యవధిలో వచ్చిన స్పందనాలను లెక్కిస్తుంది. కాబట్టి దానికి రెండు భాగాలు అవసరం: వేగంగా లెక్కించే వలయం, సెకనును సరిగా నిర్ణయించే ప్రమాణం. ఇవి రెండూ వేర్వేరు మార్గాల్లో అభివృద్ధి చెందాయి.

లెక్కింపు వలయం: ఇది కేంద్రక భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో రేడియోధార్మిక కణాలను లెక్కించడానికి విన్-విలియమ్స్ థైరట్రాన్ గొట్టాలతో ఒక వలయాన్ని రూపొందించి, 1932లో దాన్ని వివరించాడు. అది ప్రతి రెండు స్పందనాలకు ఒకదాన్ని మాత్రమే తరువాతి దశకు పంపేది. అప్పట్లో రేడియో ఇంజనీర్లు తెలియని పౌనఃపున్యాన్ని తెలిసినదానితో కలిపి, విస్పందనాల ద్వారా కొలిచేవారు. 1950ల ఆరంభంలో వచ్చిన హ్యూలెట్-ప్యాకర్డ్ 524ఎ 10 మెగాహెర్ట్జ్ వరకు నేరుగా లెక్కించి అంకెల్లో చూపింది. తరువాత 7490 వంటి చవకైన ఐసీలు రావడంతో కౌంటర్ నిర్మాణం అభిరుచి గలవారికీ సాధ్యమైంది.

కాల ప్రమాణం: 1921లో వాల్టర్ కేడీ క్వార్ట్జ్ స్ఫటికంతో డోలకాన్ని నడిపించాడు. 1923 నుంచి అమెరికాలోని డబ్ల్యూడబ్ల్యూవీ కేంద్రం ప్రామాణిక పౌనఃపున్యాలను ప్రసారం చేసింది. 1967లో సీజియం పరమాణు వికిరణపు 919,26,31,770 ఆవర్తనాల కాలాన్ని సెకనుగా నిర్వచించారు. నేడు జీపీఎస్ ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాల సమయం చిన్న రిసీవర్ ద్వారా మీ బల్ల మీదికే వస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మీ కౌంటర్‌లోని స్ఫటికంలో పది లక్షలకు 20 వంతుల దోషం ఉంటే, 10 మెగాహెర్ట్జ్ వద్ద కొలత 200 హెర్ట్జ్ వరకు తప్పవచ్చు. అంటే చివరి మూడు అంకెలను నమ్మలేం. మరో ఐసీ చేర్చితే అంకె పెరుగుతుంది కాని ఖచ్చితత్వం పెరగదు. స్ఫటికాన్ని నమ్మదగిన ప్రమాణంతో సరిపోల్చి సవరించినప్పుడే ఆ అంకెలకు విలువ వస్తుంది. ఉష్ణోగ్రత మారినా, స్ఫటికం పాతబడినా పౌనఃపున్యం జరుగుతుంది కనుక ఈ సవరణను అప్పుడప్పుడు మళ్లీ చేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పది లక్షలకు 5 వంతుల దోషం గల స్ఫటికంతో 27 మెగాహెర్ట్జ్‌ను కొలిస్తే గరిష్ఠ దోషం ఎంత? ఏ అంకె నుంచి మీరు సందేహించాలి?