నిరపాయ బాక్టీరియా వాహకంగా టీకాలు: పరిశోధనల స్థితిగతులు

వ్యాధికారక జీవిని బలహీనపరచిగాని, చంపిగాని శరీరంలోకి పంపడం టీకాల తయారీలో చిరకాలంగా ఉన్న పద్ధతి. వ్యాధి కలిగించే స్వభావమే లేని బాక్టీరియాను వాహకంగా చేసుకొని, దానిచేత వ్యాధికారక జీవికి చెందిన ఒక ప్రొటీన్‌ను మాత్రం ఉత్పత్తి చేయించి, నోటి ద్వారానో ముక్కు ద్వారానో అందించడం ఇందుకు భిన్నమైన మార్గం.

ఈ దిశలో విస్తృతంగా పరీక్షించబడినది లాక్టోకాకస్ లాక్టిస్. మజ్జిగ, చీజ్ తయారీలో పాలను పులియబెట్టే ఈ బాక్టీరియా తరతరాలుగా మనుషుల ఆహారంలో ఉన్నదే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ధనుర్వాత విషంలో హాని చేయని 'సి' భాగపు జన్యువును ఇందులో ప్రవేశపెట్టారు. ఆ బాక్టీరియాను నోటి ద్వారా ఇచ్చిన ఎలుకలలో ప్రతిరక్షకాలు ఏర్పడి, ప్రాణాంతక మోతాదులో ఎక్కించిన విషం నుంచి రక్షణ లభించినట్లు 1997లో వెల్లడించారు. జన్యువును చేర్చని మామూలు పెరుగు, మజ్జిగలకు ఈ గుణం లేదని వేరుగా చెప్పనక్కరలేదు.

బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే మట్టి బాక్టీరియాది మరొక ప్రత్యేకత. ప్రతికూల పరిస్థితులలో అది వేడికి తట్టుకునే గట్టి సిద్ధబీజంగా మారుతుంది. సాధారణంగా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచవలసి ఉండగా, విద్యుత్తు నిలకడగా లేని గ్రామాలకు ఈ గుణం ఎంత విలువైనదో ఆరోగ్య సిబ్బందికి తెలియనిది కాదు. ఈ సిద్ధబీజాలపై అదే 'సి' భాగాన్ని అమర్చి ఎలుకలకు రక్షణ కల్పించిన ఫలితాలు 2003లో వెలువడ్డాయి.

నోటితో మింగే టైఫాయిడ్ టీకా టీవై21ఎను వీటితో ఒకే గాటన కట్టరాదు. స్విట్జర్లాండులో రూపొందిన ఆ టీకాలో ఉన్నది బలహీనపరచిన టైఫాయిడ్ బాక్టీరియాయే.

చిక్కులు లేకపోలేదు. జీర్ణాశయ ఆమ్లాన్ని దాటి తగినంత ప్రొటీన్ పేగులకు చేరాలి. నిత్యం ఆహారాన్ని స్వీకరించే పేగులు ఆ ప్రొటీన్‌నూ ఆహారంగానే భావించి ఊరకుండే అవకాశం ఉంది. అన్నింటికంటే జటిలమైన ప్రశ్న, మార్పు చేసిన జీవి మలంతో బయటపడి పరిసరాలలో స్థిరపడితే ఏమిటన్నది. బెల్జియం శాస్త్రవేత్తలు 2003లో దీనికి ఒక ఉపాయం చూపారు. డీఎన్‌ఏ నిర్మాణానికి అవసరమైన థైమిడిన్‌ను తయారుచేసుకునే జన్యువును తొలగించగా, బయటి నుంచి అది అందనిచోట లాక్టోకాకస్ నశించింది. ఇటువంటి బాక్టీరియాను నెదర్లాండ్స్‌లో 10 మంది క్రోన్స్ వ్యాధిగ్రస్తులకు ఇచ్చి పరీక్షించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అది చికిత్సకు సంబంధించిన ప్రయోగమే తప్ప టీకా కాదని పాత్రికేయులు గమనించగలరు.

ఆహార బాక్టీరియా వాహకంగా మనుషులకు ఇచ్చే టీకా ఏదీ ఇంకా సాధారణ వినియోగానికి రాలేదు. మన దేశంలో ఇటువంటి ప్రయోగాలు పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 1989లో జారీ అయిన నిబంధనల పరిధిలోకి వస్తాయి.